బూడిద గీత దాటిన రాకుమారి

హేలాపురికి తూర్పున నీలవాహిని నది పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపులో, నీళ్ళలోనే పునాదులు దించి కట్టిన రేవుకోటను చూడాలంటే రెండు కళ్ళూ చాలవు. ఎర్రరాతి బురుజులు, వాటి మీద ఇత్తడి శిఖరాలు, గోడల నిండా తామరతూళ్ళు కొరికే హంసలు, నోళ్ళు తెరిచిన మొసళ్ళు, జలకాలాడే గంధర్వకాంతలు. పొద్దుటి ఎండ పడితే చాలు, కోట మొత్తం అప్పుడే కొలిమిలోంచి తీసినట్టు ధగధగలాడుతుంది. ఇంత సొగసైన కోటను ఆ ఊరి రాజులు దేనికి కట్టించారయ్యా అంటే, బతికున్న మనుషుల్ని చచ్చినవాళ్ళలో జమకట్టి పడవ ఎక్కించడానికి!

మూర్ఛ వ్యాధిని హేలాపురిలో 'పట్టు' అంటారు. ఎవరైనా పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే బూడిద బంట్లు పరుగున వచ్చి ఆ మనిషి చుట్టూ బూడిదతో గీత గీస్తారు. గీత పడిందంటే చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా వీపు తిప్పి కళ్ళు మూసుకోవాలి. చూస్తే చూసినవాడికీ, ముట్టుకుంటే ముట్టుకున్నవాడికీ అదే పట్టు అంటుకుంటుందని రాజగురువు భస్మకేతు శాసనం. పడినవాడు లేచాక అతన్ని నీడలంకకు పంపించేస్తారు. నది నడుమ ఒక రాతిగుర్రం ఉంది; దాని దగ్గరికి రాగానే పడవవాళ్ళు వెంట వచ్చిన దోనెల్లోకి దిగిపోతారు, ఆ మీదట పడవను ప్రవాహమే లంకకు చేరుస్తుంది. పడవ ఆ గుర్రాన్ని దాటిన మరుక్షణం లోపలివాళ్ళు చచ్చినట్టే లెక్క. ఇంట్లోవాళ్ళు తలస్నానాలు చేసి కర్మలు మొదలుపెడతారు. ఆ తర్వాత సాక్షాత్తూ మహారాజు కూడా వాళ్ళను వెనక్కి పిలవలేడు.

ఆ వేళ మధ్యాహ్నపు నగారా మోగగానే ఆ పడవ ఎక్కవలసిన మనిషి రాకుమారి కువలయ.

ఆమెకు పట్టు లేదు. ఆమె చేసిన నేరం వేరే. వసంతోత్సవం నాడు రాజవీధిలో పూలమ్ముకునే ఒకావిడ పడిపోయింది. బంట్లు గీత గీశారు, ఊరంతా వీపు తిప్పింది. కువలయ మాత్రం పల్లకీ దిగి, గీత దాటి వెళ్ళి, ఆవిడను పక్కకు తిప్పి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సభలో భస్మకేతు ఉరిమినట్టు అడిగాడు, ఎందుకు ముట్టుకున్నావని. "ఇది అంటుకునేది కాదు, నాకు తెలుసు" అంది కువలయ. ఎలా తెలుసని అడిగితే మాత్రం నోరు విప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా తల వంచుకుని నిలబడిందే తప్ప ఒక్క మాట అనలేదు. తండ్రి మహారాజు శాసనానికి తలవంచి, ఆ దిగులుతోనే మంచం పట్టాడు.

ఆమె ఎందుకు మాట్లాడలేదో లోకంలో ఒక్కడికే తెలుసు. అతను ఆమె అన్న, యువరాజు సోమపాలుడు. పట్టు ఉన్నది అతనికి! పసితనం నుంచీ ఉంది. తోటలో మాధవీలతల చాటున, వేటకు వెళ్ళినప్పుడు గుడారంలో, ఒకసారి ఏనుగులశాల వెనక గడ్డివాములో, అతను పడినప్పుడల్లా చెల్లెలే పక్కకు తిప్పి, మెడలో హారాలు వదులు చేసి, తెలివి వచ్చేదాకా కబుర్లు చెబుతూ కూర్చునేది. అన్నను ఒళ్ళో పెట్టుకుని పెరిగిన పిల్ల ఆమె. అంటుకునేదే అయితే ఆమెకు ఎప్పుడో అంటుకుని ఉండాలి. ఆ ఒక్క మాట సభలో అనేస్తే తను బయటపడేది, కానీ పడవ అన్న ఎక్కవలసి వచ్చేది. అందుకే పళ్ళు బిగించి ఊరుకుంది.

సరిహద్దు కోటలో ఉన్న సోమపాలుడికి ఈ కబురు అందేసరికి పొద్దు వాలింది. ఆ క్షణాన గుర్రం ఎక్కినవాడు మళ్ళీ తెల్లారాకే దిగాడు. కన్ను మూసింది లేదు, ముద్ద నోట్లో పెట్టుకున్నది లేదు. నిద్ర చాలకపోతే పట్టు వస్తుందని అతనికి బాగా తెలుసు. తెలిసి మాత్రం చేసేదేముంది?

ఇప్పుడు అతను రేవుకోట వాకిట, ఒంటినిండా మసి పూసుకుని, నెత్తిన బూడిదమూట పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకాలే ఇంకో మూటతో మావటి చెన్నడు.

చెన్నడు కొండలాంటి మనిషి. ఏనుగులశాలలో అందరికంటే పెద్దదైన ఆడ ఏనుగు మేఘమాల అతను కూర్చోమంటే కూర్చుంటుంది, లెమ్మంటే లేస్తుంది. మొసలి నోట్లోంచి దూడను లాగిన చెయ్యి అతనిది. పులి ఎదురైతే పలకరించి పోయేరకం. అంతటివాడూ పట్టు అన్న మాట చెవిన పడితే చాలు, మెడలో తాయెత్తు తడుముకుంటాడు. యువరాజు గుట్టు అతనికి తెలియదు. రాకుమారిని కాపాడదాం రమ్మంటే వచ్చాడు, అంతే.

"దొరబాబూ..." అన్నాడు చెన్నడు గుసగుసగా.

"తమ్ముడూ అను, తమ్ముడూ!"

"నోరు తిరగట్లేదు దొరా. పుట్టి బుద్దెరిగాక రాజుల్ని తమ్ముడని పిలిచిన పాపాన పోలేదు."

"అయితే నోరు మూసుకుని నడు."

"అదీ అలవాటు లేదు దొరా."

వాకిలి దగ్గర కాపలానాయకుడు ఈటె అడ్డం పెట్టాడు. మీసాలు చెవులదాకా పెంచిన మనిషి. మూటల్ని చూశాడు, మొహాలు చూశాడు.

"ఏ ఊరి బూడిదరా?"

"కమ్మరిపేట బూడిదండీ, నాయకా" అన్నాడు చెన్నడు. "గురువుగారు తెమ్మన్నారు. రాకుమారమ్మ చుట్టూ గీయడానికి ఉన్నది సాలదంట."

నాయకుడికి ఎక్కడో అనుమానం తగిలింది. ఈటె తిప్పి సోమపాలుడి నెత్తిమీది మూటలో గుచ్చాడు. లోపల ఠంగుమంది! మూటలో ఉన్నవి రెండు కత్తులు.  సోమపాలుడి చేతులు మూట మీదే ఉన్నాయి. కత్తి దూయాలంటే ముందు మూట దించాలి. అంతలోగా ఈటె మెడలో దిగుతుంది.

"కొలిమి బూడిద గదండీ, ఇనప ముక్కలు ఉండకేం చేస్తాయి?" అన్నాడు చెన్నడు అమాయకంగా. "కావాలంటే సెయ్యెట్టి తీసి సూస్కోండి."

నాయకుడు పాము మీద కాలేసినట్టు వెనక్కి గెంతాడు. పట్టు గీతలకు పోసే బూడిదలో చెయ్యి పెట్టేంత గుండె ధైర్యం హేలాపురిలో ఏ భటుడికీ లేదు. రాజ్యంలో ప్రతి గంపా, ప్రతి గోతామూ వెతుకుతారు గానీ, ఆ మూటల జోలికి ఇన్నేళ్ళలో ఒక్కడూ పోలేదు. "ఛీ ఛీ, నా మీద దులపకండిరా! పొండి, పొండి!" అని ఈటె తీసేశాడు.

ఇద్దరూ గబగబా లోపలికి నడిచారు. మొదటి ముంగిలి దాటారు. రెండో ముంగిట్లో స్తంభాల నీడల్లో భటులు భోజనాలకు కూర్చుంటున్నారు. అక్కడికి వచ్చేసరికి సోమపాలుడి కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి.

మాడిన మెంతుల వాసన!

పట్టు వచ్చేముందు ప్రతిసారీ అతనికి ఆ వాసనే వస్తుంది. ఎక్కడా మెంతులుండవు, పొయ్యి ఉండదు, వాసన మాత్రం ముక్కు నిండా వస్తుంది. ఆ తర్వాత కాసేపటికి లోకం చీకటైపోతుంది. ఇక్కడ, ఈ భటుల నడుమ, ఇప్పుడు! అతను స్తంభానికి చేరబడ్డాడు.  ఇక్కడ పడితే పక్కనున్న చెన్నడే మొదట వీపు తిప్పుతాడు, ఆ మీదట చెల్లెలి పడవ ఎవరూ ఆపరు.

"ఎవడో పుణ్యాత్ముడు తాలింపు మాడ్చేశాడు" అన్నాడు చెన్నడు ముక్కు చిట్లించి.

"ఏమన్నావ్? నీకూ వస్తోందా వాసన?"

"ముక్కున్నోడికి ఎవడికైనా వస్తది. అదుగో, ఆ వంటోడి మూకుడు సూడండి, పొగలు కక్కుతోంది."

సోమపాలుడికి ఆ వంటవాణ్ణి వెళ్ళి కావలించుకోవాలనిపించింది. మాడిన తాలింపు ఏ యువరాజుకూ అంత కమ్మగా తోచి ఉండదు.

ఆ సంతోషం మూడో ముంగిలి దాకా కూడా నిలవలేదు. ధాం ధాం అంటూ నగారా మోగింది. ఇంకా ఎండ నడినెత్తికి రాలేదు. నీడలు పొడుగ్గానే ఉన్నాయి. భస్మకేతు ఎందుకు తొందరపడ్డాడో తెలియదు గానీ, పడవను ముందే వదిలేస్తున్నాడు!

"పరుగెత్తు చెన్నా!"

మూటలు విసిరేసి, కత్తులు అందుకుని ఇద్దరూ రేవుమెట్ల వైపు దూకారు. ఎదురుగా మేడ మీద, వెండి దండం పట్టుకుని భస్మకేతు నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, ఒళ్ళంతా విభూతి, పొగలో ఆరబెట్టినట్టు ఎండిన మొహం. మసి చాటున ఉన్నది ఎవరో ఒక్క చూపులో పోల్చుకున్నాడు.

"రండి యువరాజా! చెల్లెల్ని సాగనంపడానికి ఈ వేషమెందుకు? చెబితే పల్లకీ పంపేవాణ్ణిగా" అని నవ్వి, నడుముకున్న సంచిలోంచి చారెడు బూడిద తీసి గాల్లోకి ఊదాడు.

బూడిద నేల తాకుతూనే బుస్సుమంది. బూడిదరంగు పాములు పడగలెత్తి ముంగిలి నిండా లేచాయి. కళ్ళలో నిప్పుకణికలు, నోళ్ళలో పొగ. సోమపాలుడు కత్తి తిప్పాడు. ఒకటి రెండు ముక్కలైంది, ఆ రెండు ముక్కలూ రెండు పాములయ్యాయి. చెన్నడు ఒకదాని తోక పట్టి గిరగిరా తిప్పి గోడకు కొట్టాడు. అది పిండిపిండిగా రాలి, ఆ పిండిలోంచి బోలెడు పాముపిల్లలు పుట్టుకొచ్చాయి.

"ఇదేం చోద్యం దొరా, కొట్టేకొద్దీ సంసారం పెరుగుతోంది!" అని పగలబడి నవ్వాడు చెన్నడు. భయం అన్నది ఆ మనిషి మొహంలో ఎక్కడా లేదు.

ఒక పాము సోమపాలుడి మోకాలిని చుట్టుకుంది. కాలు చురుక్కుమని కాలింది. అతను వెనక్కి తూలి, గోడవార వరసగా ఉన్న నీళ్ళ కాగుల్లో ఒకదాన్ని తన్నుకున్నాడు. కాగు పగిలి నీళ్ళు ముంగిట్లోకి పారాయి. తడి తగిలిన పాములన్నీ అక్కడికక్కడే బురదముద్దలై కూలబడ్డాయి.

"ఓరి దీని మాయ తగలెయ్యా, వట్టి బూడిదేగా!" అని చెన్నడు మిగతా కాగులన్నీ వరసపెట్టి దొర్లించేశాడు. మోకాళ్ళదాకా బురదలో జారుతూ, లేస్తూ, ఇద్దరూ రేవుమెట్ల మీదికి వచ్చి పడ్డారు.

రేవు ఖాళీగా ఉంది. పడవ వెళ్ళిపోయింది!

నీలవాహిని పొద్దెక్కుతున్న వెలుగులో నీలాలు పరిచినట్టు మెరుస్తోంది. దూరంగా, నది నడుమ, ముందుకాళ్ళు ఎత్తి నిలబడిన రాతిగుర్రం. దానివైపే సాగిపోతోంది తెల్లతెరచాప పడవ. పడవ నడుమ బూడిద గీతలో, తెల్లచీర కట్టుకుని కువలయ ఒంటరిగా నిలబడి ఉంది. పడవకు అటూ ఇటూ బూడిద బంట్ల దోనెలు. ఒడ్డంతా జనం. కొందరు ఏడుస్తున్నారు, కొందరు వేడుక చూస్తున్నారు. ఇంకో పడవ లేదు. ఈదుకుంటూ పోతే అందేలా లేదు.

చెన్నడు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. దిగువన నీళ్ళలో పడుకుని వీపు తోమించుకుంటున్న మేఘమాల చెవులు నిక్కబొడుచుకుంది. తోముతున్న మనుషుల్ని నీళ్ళలోకి విదిలించేసి, అలలు లేపుకుంటూ వచ్చి మెట్ల పక్కన నిలబడింది. చెన్నడు దాని మెడ మీదికి, సోమపాలుడు అతని వెనకకు ఒకే ఊపులో ఎక్కారు. మేఘమాల నదిలోకి నడిచింది. కాసేపటికి కాళ్ళకు నేల అందక ఈత మొదలుపెట్టింది. తొండం, తల, వాళ్ళిద్దరూ తప్ప నీళ్ళపైన ఇంకేం లేదు.

"యువరాజా, వెనక్కి రండి!" భస్మకేతు కేక రేవుమెట్ల మీంచి వినిపించింది. "గుర్రాన్ని దాటితే మీకూ అదే గతి!"

"కువలయా!" అని అరిచాడు సోమపాలుడు.

ఆమె తిరిగి చూసింది. మసి మొహంలోనూ అన్నను గుర్తుపట్టింది. సంతోషించవలసింది పోయి, రెండు చేతులూ ఊపుతూ వెళ్ళిపొమ్మని సైగలు చేసింది. "వద్దన్నయ్యా! నువ్వు రావద్దు! నాకక్కడ ఏం కాదు, నువ్వు వెళ్ళిపో!"

పడవకూ ఏనుగుకూ నడుమ దూరం తగ్గుతోంది. పడవకూ గుర్రానికీ నడుమ దూరం కూడా తగ్గుతోంది. సోమపాలుడు రెండు దూరాలనూ మార్చిమార్చి చూస్తూ, లోపల్లోపల మేఘమాలను బతిమాలుకుంటున్నాడు.

అప్పుడు వచ్చింది వాసన. మాడిన మెంతులు.

అతను చుట్టూ చూశాడు. నీళ్ళు, ఆకాశం. పొయ్యి లేదు, వంటవాడు లేడు.

"చెన్నా, వాసనేమైనా వస్తోందా?" అని అడిగాడు.

"నీళ్ళ వాసన తప్ప ఏముంటది దొరా ఇక్కడ?"

ఇక అనుమానం లేదు. ఉన్నది నాలుగు ఊపిరుల వ్యవధి. నది నడుమ, ఏనుగు వీపు మీద, ఊరంతా చూస్తుండగా పట్టు రాబోతోంది. అతన్ని పట్టుకోగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడికీ ఈ లోకంలో ఉన్న భయం ఒక్కటే, అదీ ఇదే.

"చెన్నా, విను. నాకు పట్టు ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు వస్తోంది."

చెన్నడి వీపు కొయ్యబారింది. చెయ్యి తనంతట తనే తాయెత్తు మీదికి పోయింది. వెనక్కి తిరగలేదు.

ఇక దాచి ఏం లాభం? పడిపోయాక ఊరంతా ఎలాగూ తెలుసుకుంటుంది. అప్పుడు చెప్పేది భస్మకేతు, చెప్పేది అతని కథ. సోమపాలుడు చెన్నడి భుజాలు పట్టుకుని ఏనుగు వీపు మీద నిటారుగా లేచి నిలబడి, ఒడ్డుకు వినబడేలా అరిచాడు.

"హేలాపురి జనులారా! పట్టు ఉన్నది నాకు! మీ యువరాజుకు! నా చెల్లెలు నన్ను చిన్నప్పటి నుంచీ తన చేతుల్తో పట్టుకుంటూనే ఉంది. ఆమెకు అంటిందా? చూడండి, ఆమెకు అంటిందా? సభలో ఆమె చెప్పకుండా దాచింది నన్నే..."

మాట పూర్తికాలేదు. నీలాల నది నల్లబడింది.

ఆ తర్వాత జరిగింది సోమపాలుడికి తెలియదు. చెన్నడు ఏడుస్తూ, నవ్వుతూ తర్వాత చెప్పిన కథ ఇది.

యువరాజు కొయ్యలా బిగుసుకుని నీళ్ళవైపు ఒరిగాడు. ఒడ్డు మీద గుంపంతా ఒక్కసారిగా వీపు తిప్పింది. పడవ నడిపేవాళ్ళు తెడ్లు వదిలేసి, తెరచాప తాడు వదిలేసి కళ్ళు మూసుకున్నారు. దోనెల్లోని బంట్లు శాసనం ప్రకారం గీత గీయాలిగదా అని బూడిద తీసి ఏనుగు చుట్టూ నీళ్ళలోకి పోశారు. పోసింది పోసినట్టు నది పట్టుకుపోయింది. వాళ్ళు మళ్ళీ పోశారు, నది మళ్ళీ పట్టుకుపోయింది. చెన్నడూ కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళకు, తన వెనక బరువు జారిపోతున్నట్టు తెలిసింది. ఇంకొక్క క్షణం ఆగితే యువరాజు నీళ్ళపాలు. చెన్నడు కళ్ళు తెరిచి, వెనక్కి తిరిగి, రెండు చేతులా అతన్ని వాటేసుకున్నాడు.

"అంకుశం సేతిలో పెట్టనా అమ్మా? ఇనుము పెడితే దిగుద్దంటారు!" అని పడవవైపు గావుకేక పెట్టాడు.

"అంకుశం అవతల పారెయ్!" అని అంతకంటే గట్టిగా అరిచింది కువలయ. "చేతుల్లో ఏం పెట్టకు, నోట్లో ఏం పెట్టకు. గట్టిగా అదిమిపట్టకు. ఒంటిని పక్కకు తిప్పు, మొహం నీళ్ళకు అందకుండా చూడు. ఇక అంతే. అదే తగ్గుతుంది, భయపడకు!"

తలపాగా విప్పి యువరాజును తన నడుముకు కట్టుకుని, పక్కకు తిప్పి తల తన భుజాన వేసుకుని, చెన్నడు అలాగే కూర్చుండిపోయాడు. తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు. అటు పడవ తెడ్డు వేసే దిక్కులేక ప్రవాహంలో కొట్టుకుపోతోంది. కువలయ బూడిద గీత దాటుకుని వచ్చి, ఒక తెడ్డు అందుకుని తనే పడవను ఏనుగు వైపు తిప్పింది.

సోమపాలుడికి మొదట వినబడింది చెల్లెలి గొంతు. ఎప్పటిలాగే ఏవో కబుర్లు చెబుతోంది. ఈసారి మామిడికాయల గురించి. తర్వాత చెన్నడి గుండె చప్పుడు వినబడింది, డోలు వాయిస్తున్నట్టు. ఒళ్ళంతా నొప్పులు, నాలుక కొసన నెత్తురు రుచి. కళ్ళు తెరిస్తే చెన్నడి మొహం, ధారలుగా కన్నీళ్ళు.

"కళ్ళు తెరిసే ఉన్నాను దొరా" అన్నాడు చెన్నడు ఎక్కిళ్ళ మధ్య. "మొదట మూశాను, అబద్దమెందుకు? మళ్ళీ తెరిశాను." తన అరచేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇప్పటికైతే ఏం కాలేదు. రేపెల్లుండి ఏమన్నా అవుద్దా అమ్మా?"

"ఇన్నేళ్ళూ నాకేమైంది చెన్నా?" అంది కువలయ.

 "ఏం కాలేదు" అన్నాడు చెన్నడు మెల్లిగా. "ఏమీ కాలేదు. మరి మా మేనత్తను ఎందుకమ్మా ఆ పడవ ఎక్కించాం?"



సోమపాలుడు తల తిప్పి చూశాడు.  రాతిగుర్రం వాళ్ళ వెనక ఉంది! దాని వీపు వాళ్ళవైపు. ప్రవాహం పడవనూ, ఏనుగునూ, దోనెలనూ ఎప్పుడో గుర్రం దాటించేసింది.

ఒడ్డు మీద డప్పులు మొదలయ్యాయి. అవి చావు డప్పులు.

"వినండి, వినండి!" ప్రవాహం వాళ్ళను ఈపాటికి గుర్రం దాటించి ఉంటుందని లెక్కకట్టిన భస్మకేతు గొంతు నీళ్ళ మీద పాకుతూ వచ్చింది. "రాకుమారి కువలయ మరణించింది! యువరాజు సోమపాలుడు మరణించాడు! వారితో ఉన్న మావటి, పడవవాళ్ళు, బంట్లు అందరూ మరణించారు! మహారాజుకు సంతానం లేదు. నేటి నుంచి రాజ్యభారం నాది!"

పడవవాళ్ళు లబోదిబోమన్నారు. "మేమేం చేశామయ్యా? మేం కళ్ళు మూసుకునే ఉన్నాంగా!" అని ఒక ముసలి పడవవాడు నెత్తి బాదుకున్నాడు. చెన్నడు తన చెంప తనే గిల్లుకుని చూసుకున్నాడు.

"నేను సచ్చిపోయానా దొరా? మా ఇంటిదానికి ఎవరు సెప్తారు? సెప్పినా నమ్మదు, ఎక్కడో తాగి పడుంటాడంటది."

కువలయ నవ్వబోయి ఏడ్చేసింది. "నువ్వెందుకు వచ్చావన్నయ్యా? నేనొక్కదాన్ని పోతే సరిపోయేది. రాజ్యం నీకు మిగిలేది."

"నువ్వు లేని రాజ్యంలో నేను పడితే ఎవరు పట్టుకుంటారే?" అన్నాడు సోమపాలుడు. నాలుక ఇంకా తడబడుతోంది. అతను కళ్ళు చిట్లించి ఒడ్డుకేసి చూశాడు. కనుచూపు మేరా వీపులే. మెట్ల మీద వీపులు, బురుజుల మీద వీపులు. పసిపిల్లల మొహాల్ని కూడా తల్లులు కొంగుల్లో కప్పేశారు.

"చెన్నా, మేఘమాలను తిప్పు."

"లంకకేనా?"

"ఇంటికి."

"సచ్చినోళ్ళం గదా దొరా!"

"చచ్చినవాళ్ళు గుర్రం దాటి అవతలికి పోవాలని శాసనం ఉంది. తిరిగి వస్తే ఏం చెయ్యాలో భస్మకేతు రాసుకోలేదు. ఇంతవరకూ ఎవరూ తిరిగి రాలేదుగా."

మేఘమాల తిరిగింది. కువలయ తెడ్డు వేసింది. క్షణం తటపటాయించి, ముసలి పడవవాడు ఇంకో తెడ్డు అందుకున్నాడు. రాతిగుర్రం ఈసారి ఎదురుగా వచ్చి, పక్కగా జరిగి, వెనకబడింది. హేలాపురి పుట్టాక మొదటిసారి ఒక పడవ ఆ గుర్రాన్ని ఇటు నుంచి దాటింది.

తనూ నదికి వీపు తిప్పి నిలబడ్డ భస్మకేతు, నీళ్ళ చప్పుడు ఎటు వస్తోందో పోల్చుకుని గడగడలాడాడు. "విలుకాళ్ళూ! కొట్టండి! ఆ ప్రేతాల్ని ఒడ్డెక్కనివ్వకండి!"

బురుజు మీది విలుకాళ్ళు బాణాలు సంధించారు. సంధించి, అలాగే ఉండిపోయారు. వాళ్ళ వీపులు నదివైపు ఉన్నాయి. కొట్టాలంటే చూడాలి. చూడాలంటే తిరగాలి. తిరిగి చూస్తే పట్టు అంటుకుంటుందని వాళ్ళకు పాలు తాగే వయసు నుంచి నూరిపోసింది ఆ కేకలు పెడుతున్నవాడే.

"తిరగండిరా! కొట్టండి!"

మేఘమాల కాళ్ళకు నేల అందింది. నీళ్ళు కారుతూ మెట్ల వైపు నడుస్తోంది. సోమపాలుడు చెన్నడి కట్టు విప్పించుకుని, వణికే కాళ్ళ మీదనే మళ్ళీ లేచి నిలబడ్డాడు. ముఖాన మసి కొట్టుకుపోయింది. పెదవి పక్కన నెత్తురు చార అలాగే ఉంది. అది తుడుచుకోవాలని అతనికి తోచలేదు.

బురుజు కొసన ఒక కుర్ర విలుకాడు తిరిగాడు. వింట్లో బాణం లాగి ఉంది. మొన సరిగ్గా యువరాజు గుండెకు ఎదురుగా ఉంది. కువలయ కెవ్వుమంది. చెన్నడు అడ్డం రాబోతే సోమపాలుడు చేత్తో ఆపాడు.

"చూడు" అన్నాడు ఆ విలుకాడితో. "బాగా చూడు. ముందు చూసి, తర్వాత కొట్టు." కుర్రవాడు చూశాడు; ఎంత చూసినా తనకేమీ కాలేదు, బాణం మొన మెల్లగా నేలకు దిగింది.